వార్ధక్యము – కాన్సరు వ్యాధి



1948వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన ఈ విజయవాడ ఆకాశవాణి కేంద్రము తొలిసారి గొంతు విప్పినప్పుడు, మన దేశమున పుట్టిన బిడ్డకు సగటున 32 ఏండ్ల ఆయువు మాత్రమే యుండునని జనాభా గణకులు అంచనా వేయుచుండిరి. మశూచికము, కలరా, క్షయ, చలిజ్వరము, పురిటి గండము, వీనిలో ఏదో యొకటి నడిమి వయసు రాకమున్నే మనుష్యుని ఎత్తుకొనిపోవుచుండిన ఆ దినములలో, డెబ్బది ఏండ్లు నిండినవారున్న యిల్లు ఊరిలో చెప్పుకొనదగిన యిల్లు. నేడు ఆ సగటు 70 ఏండ్లకు చేరినది. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశమున అరువదేండ్లు దాటినవారు 10 కోట్లను మించిరి. ఆంధ్రప్రదేశమున వారి పాలు 2021 నాటికి నూటికి 12 మందికి పైబడునని, 2031 నాటికి నూటికి 16 మందికి చేరునని కేంద్ర ప్రభుత్వపు అంచనా. బ్రతికి వయసు మీరినవారు పెరిగినకొలది, వయసు మీరిన పిదప వచ్చు వ్యాధులును పెరుగుట సహజము. వానిలో పేరెత్తుటకే మనవారు జంకి, ‘పెద్ద జబ్బు’ అని గొంతు తగ్గించి చెప్పుకొను కాన్సరును గూర్చి, అందును ముసలివారికి అది యేల యెక్కువగా వచ్చును, వచ్చిన పిదప ఎట్లు పాకును, ఈ కృష్ణా డెల్టాలో మనము దానిని ఎట్లు చూచుచున్నాము అను సంగతులను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

కాన్సరు ఒక్కనాటి పని కాదు. దేహమున ఒక కణము రెండుగా చీలునప్పుడెల్ల దానిలోని వంశలిపిని మొదటినుండి చివరివరకు ప్రతి తీసికొనవలసియుండును. ఆ ప్రతిలో అక్షరదోషములు దొరలుచుండును. దొరలినవానిని దిద్దు యంత్రాంగము కూడ దేహముననే కలదు. దిద్దబడక మిగిలిన తప్పులు ఒకదానిపై నొకటి పేరుకొని, పెక్కు కూడిననే గాని కణము కట్టుదప్పి పెరుగదు. 1954లో పీటర్ ఆర్మిటేజ్, రిచర్డ్ డాల్ అను ఇరువురు ఇంగ్లండు పరిశోధకులు మరణపు పట్టికలను ముందుంచుకొని లెక్క వేసి, పెక్కు విధములైన కాన్సరులలో మరణముల రేటు వయస్సు యొక్క ఆరవ ఘాతమును అనుసరించి పెరుగుచున్నదని, కావున ఆరేడు అంచెలు దాటినగాని ఈ వ్యాధి పుట్టదని సిద్ధాంతము చేసిరి. ఈ లెక్కను ఇంటిభాషలో చెప్పినచో, వయసు రెండింతలైన ముప్పు రెండింతలు కాదు, అరువదినాలుగింతలు. ముప్పదియైదేండ్ల కొడుకునకును డెబ్బదేండ్ల తండ్రికిని నడుమ గల దూరమిది. దానికి తోడు ఏండ్లు గడచినకొలది దిద్దుబాటు మందగించును, రక్షణ కణముల కాపలా సడలును. యౌవనమున ముట్టించిన చుట్ట పొగ ఇరువది ముప్పది ఏండ్లకుగాని తన ఫలమును చూపదు. నేడు డెబ్బదవ పడిలో నోటిపుండుతో ఆసుపత్రి మెట్లెక్కుచున్న మనుష్యుడు, 1970 ప్రాంతమున పొలముగట్టున కూర్చుండి కాల్చినదానికి ఇప్పుడు లెక్క ఒప్పజెప్పుచున్నాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవచ్చును. విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల వరండాలలో కూర్చున్న కాన్సరు రోగులను చూచినచో, నలుబదియైదు మొదలు అరువదివరకు గల వయసువారే యెక్కువగా కానవత్తురు గదా, మరి ఇది ముదుసలుల వ్యాధి యెట్లగును అని. ఈ సంశయము సహేతుకమే. పాశ్చాత్య దేశములకంటె మన దేశమున రొమ్ము కాన్సరు వంటివి సుమారు పదేండ్లు ముందుగానే కనబడుచున్నమాట నిజము. కాని వరండాలో కనబడు తలల సంఖ్య వేరు, ఆ వయసువారు లక్షమందిలో ఎందరికి వ్యాధి వచ్చుచున్నదను రేటు వేరు. నడిమి వయసువారు జనాభాలో ఎక్కువ కనుక తలలు ఎక్కువ. లక్షకు ఇందరను లెక్కకు వచ్చిన యెడల మెట్టు మెట్టునకు ఎక్కుచు పోవునది ముదిమి పక్షమే. ఈ లెక్కలు కట్టుటకే 1963లో బొంబాయిలో మన దేశపు తొలి జనాభా కాన్సరు రిజిస్ట్రీ వెలసినది. 1982 జనవరినుండి భారత వైద్య పరిశోధన మండలి బొంబాయి, బెంగుళూరు, మద్రాసులతో జాతీయ ప్రణాళికను నడపినది. 1987లో మహారాష్ట్రమందలి బార్షీలో పల్లెల లెక్క మొదలైనది. తెలుగునాట హైదరాబాదు తరువాతికాలమున చేరినది. 2022లో మన దేశమున క్రొత్తగా కాన్సరు సోకినవారు 14 లక్షలకు పైబడి యుందురని, పుట్టిన ప్రతి తొమ్మండుగురిలో ఒకరికి తమ జీవితకాలమున ఈ వ్యాధి రాగలదని ఆ లెక్కల సారాంశము.

అయినను నాకు తోచునది మరియొకటి కలదు. రిజిస్ట్రీ పుస్తకమునకు ఎక్కవలెనన్న ముందు రోగి ఆసుపత్రికి రావలెను, ముక్క తీసి పరీక్ష చేయవలెను, కాగితముపై పేరు పడవలెను. ముసలివారి విషయమున ఈ మూడింటిలో మొదటిదే జరుగదు. ఊరిలో ఎనుబదేండ్ల వృద్ధురాలు ఆరు నెలలు అన్నము సహించక, చిక్కి శల్యమై కన్నుమూసినచో ఏమి జబ్బని అడుగువారుండరు; పండు రాలినది అందురు, పెద్దకర్మ ఘనముగా జరుపుదురు. కడుపులోని కంతి ఆమెతోడనే బూడిద యగును. అందుచేత మనకు తెలిసిన అంకె ఎంత పెద్దదైనను, వయసు మీరినవారి మట్టుకు అది తక్కువ అంకెయే యని నా నమ్మకము.

మన డెల్టాలో వార్ధక్యము రెండు రూపములుగ నున్నది. గుడివాడ, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు ప్రాంతములలో పిల్లలందరును అమెరికాకో హైదరాబాదునకో తరలిపోగా, పెద్ద మండువా యింటిలో ఇద్దరే, కొన్నాళ్ళకు ఒక్కరే, మిగిలిన వార్ధక్యము ఒకటి. దివిసీమలో, లంకల్లో, కాలువగట్ల వెంబడి పాకలలో, నాట్లు కోతలతో నడుము వంగిపోయి నెలనెలా వచ్చు పింఛనుతో బియ్యమును మాత్రలను సరిపెట్టుకొను వార్ధక్యము రెండవది. మొదటి యింటిలో డబ్బు కలదు, చూచు కన్ను లేదు. వారాంతమున టెలిఫోను తెరపై కొడుకు, “ఏంటమ్మా, బాగా చిక్కిపోయావు?” అని అడుగును, “వయసొచ్చింది గదరా, ఇంకా లావెక్కుతానా?” అని తల్లి నవ్వును, అంతటితో సంభాషణ మనుమల చదువులమీదికి మరలును. రెండవ యింటిలో చూచు కన్ను కలదు, తీసికొనిపోవు చేయి లేదు. కోడలు చూచును, కాని ఒకనాటి కూలి పోగొట్టుకొని బస్సెక్కించుటకు వెనుకాడును, ఊరి ఆర్.ఎం.పి. వైద్యుడు, “మామ్మగారూ, ఈ వయసులో నోరు పొక్కడం మామూలే, ఈ బి-కాంప్లెక్సు వేసుకోండి” అని రెండు పట్టీలు చేతబెట్టును. రెండు యిండ్లయందును ఒకే మాట వైద్యమునకు అడ్డు నిలుచుచున్నది: వయసు. నొప్పియా, వయసు. నీరసమా, వయసు. ఆకలి లేదా, వయసు. ఇంత సులభమైన రోగనిర్ణయము వేరొకటి లేదు, ఇంత హాని చేసినదియు లేదు.

ఇక వ్యాధి పాకుట. కాన్సరు ప్రాణాపాయకరమగుట చాలవరకు పుట్టినచోట కాదు, పాకిన చోట. 1889లో లండనులో స్టీఫెన్ పేజెట్ అను శస్త్రవైద్యుడు రొమ్ము కాన్సరుతో మరణించిన 735 మంది స్త్రీల శవపరీక్ష కాగితములను ముందుంచుకొని ఒక ప్రశ్న వేసెను. వ్యాధికణములు నెత్తుటి వెంబడి కొట్టుకొనిపోయి ఎక్కడ చిక్కిన నక్కడ మొలచునవే యైనచో, కాలేయమునకును ప్లీహమునకును ఇంచుమించు సమానముగా సోకవలెను; కాని కాలేయమున 241 మందికిని, ప్లీహమున 17 మందికిని మాత్రమే యేల సోకినది? అతడు చెప్పిన సమాధానము డెల్టా రైతునకు వేరుగా వివరింపనక్కరలేదు. విత్తనము గాలికి అన్ని దిక్కులకును పోవును, మొలచుట మాత్రము తనకు నప్పిన నేలలోనే. నల్లరేగడిలో నిలిచినది చౌటినేలలో నిలువదు. నూటముప్పది యేండ్ల తరువాత నేటికిని ఆ మాట చెక్కుచెదరలేదు. పురుషులలో ప్రోస్టేటు గ్రంథి కాన్సరు వెన్నెముకను, కటి ఎముకలను వెదకికొని పోవును, రొమ్ముది చంక బిళ్ళలకు, ఎముకలకు, ఊపిరితిత్తులకు, నోటిది మెడ బిళ్ళలకు, పెద్ద ప్రేవులది, అక్కడి నెత్తురంతయు కాలేయము గుండా మరలిపోవును గనుక, కాలేయమునకు, ఊపిరితిత్తులది మెదడునకు. కావున డెబ్బది దాటిన పురుషునకు క్రొత్తగా పుట్టిన నడుమునొప్పి రాత్రులందు పడుకొన్నను తగ్గక నిద్ర చెరచుచున్నచో, దానిని వాతమని తైలము రాచి ఊరకుండరాదు.

విత్తనము సంగతి అట్లుండగా, నేలకును వయసు వచ్చునను విషయమును శాస్త్రజ్ఞులు ఇటీవలనే గమనించిరి. సింహళ దేశమున పుట్టి అమెరికాలో పరిశోధన చేయుచున్న అశని వీరరత్న అను శాస్త్రవేత్త్రియు ఆమె సహచరులును మెలనోమా అను చర్మపు కాన్సరును గూర్చి 2016లో ప్రకటించిన ఫలితములు చూడదగినవి. ముదిమి మీరిన ఎలుకల చర్మమున ఆ కంతి పడుచు ఎలుకలలోకంటె మెల్లగానే పెరిగినది. కాని దూరపు అంగములకు పాకుట మాత్రము ముదిమిలోనే యెక్కువగా కనబడినది. చర్మమున నారలను నేయు కణములు వయసు మీరినపిదప విడుచు కొన్ని పదార్థములు వ్యాధికణమునకు కాళ్ళిచ్చి నడిపించుచున్నవని వారు కనుగొనిరి. అన్ని కాన్సరులును ఇట్లే యుండునని దీనివలన తేలదు. ముసలితనమున జబ్బు మెల్లగా నడుచును గనుక భయము లేదను మన వాడుక నమ్మకము మాత్రము సగమే నిజమని తేలును.

ఆ సగము నిజమును కూడ ఒప్పుకొనవలెను. ప్రోస్టేటు కాన్సరులలో పెక్కింటి నడక నిజముగనే మందము. ఆ వ్యాధి లోపల నుండగనే మరియొక కారణమున కాలము చేయు వృద్ధులు ఎందరో కలరు. వారికి కత్తియు కిరణములును ఏమియు పెట్టక కనిపెట్టియుండుటే సరియైన వైద్యమని చెప్పు వైద్యుడు బుద్ధిమంతుడు. వయసు మీరిన స్త్రీల రొమ్ము కాన్సరులో హార్మోనులపై ఆధారపడి పెరుగు రకము హెచ్చు. దానిని దినమునకొక మాత్రతో ఏండ్ల తరబడి అదుపున నుంచవచ్చును. కాని జీర్ణాశయము, ఊపిరితిత్తి, క్లోమము వీని కాన్సరులకును, తీవ్రమైన రక్త కాన్సరునకును రోగి వయసుపై దయాదాక్షిణ్యములు లేవు. ఏది మెల్లనిదో ఏది వడిగలదో ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద చూచిన వైద్యుడు చెప్పవలసినదే గాని, అరుగుమీద కూర్చున్నవారు చెప్పదగినది కాదు.

ముక్క తీయుట యనగానే మరియొక భయము ముందునకు వచ్చును. “కత్తి తగిలితే పాకుతుందండీ, ముట్టుకోకుండా ఉంటే అదే పడి ఉంటుంది” అని చదువుకొన్నవారు సయితము చెప్పుట విన్నాను. దీనికి పుట్టుక యెక్కడనో ఊహించుట కష్టము కాదు. వ్యాధి మెడదాక పాకిన పిదప తీసికొనివత్తురు. వచ్చిన వారమునకే ముక్క తీయుదురు. రెండు మూడు మాసములలో రోగి గతించును. చుట్టములకు కంటబడినది కత్తి యొక్కటే. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగినంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణము కాదని మన తార్కికులు ఎన్నడో చెప్పియున్నారు. సూది దారిని వ్యాధికణములు చిందుట బహు అరుదు, ముక్క తీయకుండుటచే జరుగు నష్టము నిత్యము. కత్తివలన పాకినదని మనము చెప్పుకొనునది చాలవరకు ఇంట గడపిన కాలమువలన పాకినదే.

కారణములలో పొగాకును మించినది మన ప్రాంతమున వేరొకటి లేదు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా మొదలగు పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు తెరిపించి చూచి ప్రకటించిన వ్యాసము వైద్యలోకమున ప్రసిద్ధము. చుట్ట నిప్పు కొసను నోటిలోపల నుంచుకొని పీల్చు అడ్డపొగ అలవాటు ఆ తీరమున పురుషులకంటె స్త్రీలయందే యెక్కువ. దానివలన ఇతర దేశములలో అరుదుగా కనబడు కొండనాలుక ముందటి గట్టి అంగిటి కాన్సరు మన ఉత్తరాంధ్రమున తరచుగా కనబడినది. కృష్ణా తీరమున అడ్డపొగ అంతగా లేదు గాని, లంక పొగాకు చుట్టయు, బుగ్గన దాచు పొగాకు కాడయు, నేడు ఖైనీ పొట్లమును తమ పని తాము చేయుచునే యున్నవి. “నేను పొగాకు ముట్టనండీ, ఆకూ వక్కా మాత్రమే” అని చెప్పు వృద్ధ స్త్రీలు మన యిండ్లలో పెక్కురు. వక్క యొక్కటియే కాన్సరు కలిగింపగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన విభాగము 2004లోనే నిర్ధారించినది. గుంటూరు పొగాకు బోర్డుకు నిలయము, రాజమహేంద్రవరము పొగాకు పరిశోధనకు నిలయము. ఆ పంట తెచ్చిన ధనమును లెక్కించు పుస్తకములు మనకు చాల కలవు, అది నోళ్ళలో చేసిన పనిని లెక్కించినవి కొన్నియే.

వైద్యము విషయమున మాత్రము మన పూర్వుల స్థితికిని మన స్థితికిని పోలిక లేదు. 1954లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి పూనికతో మద్రాసు అడయారులో కాన్సరు ఇన్‌స్టిట్యూటు తెరచునాటికి, ఈ తీరమువారికి బెజవాడలో మద్రాసు రైలెక్కుట తప్ప దారి లేదు; మరుసటి సంవత్సరము హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిటి ఆసుపత్రి వచ్చినది. నిమ్మకూరు నందమూరి తారక రామారావుగారి భార్య బసవతారకంగారు 1985లో ఈ వ్యాధితోనే కాలధర్మము నొందగా, ఆమె పేర హైదరాబాదులో 2000వ సంవత్సరము జూన్ 22న ఆసుపత్రి ప్రారంభమైనది. కిరణ చికిత్సలో అమెరికాయందు పేరుమోసిన డాక్టరు నోరి దత్తాత్రేయుడు మన కృష్ణా జిల్లా మంటాడలో పుట్టినవాడే. నేడు గుంటూరు పెద్దాసుపత్రిలో కాన్సరు విభాగము కలదు, మంగళగిరిలో ఎయిమ్స్ కలదు, విజయవాడలోనే కిరణయంత్రములు కలవు. రైలెక్కవలసిన పని లేదు, ఇల్లు కదలినచో చాలును.

ఇక్కడ భీమవరపు బిడ్డను తలపకుండ పోలేను. 1895లో అచ్చట పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు ఫోలిక్ ఆమ్లమును, దానికి ఎదురు నిలుచు మందులను తన బృందముచే తయారు చేయించెను. వానిలో ఒకదానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్త కాన్సరు సోకిన పసివారికిచ్చి, కొంతకాలమైనను వ్యాధి వెనుకంజ వేయుటను 1948 జూన్ నెలలో లోకమునకు చాటెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను. ఆ మందుల వంశమునకు చెందిన మెథోట్రెక్సేటు అను మందే డెబ్బది యేండ్లకు పైబడి వాడుకలో నుండి, 2020లో బొంబాయి టాటా స్మారక ఆసుపత్రివారు ప్రకటించిన పరీక్షలో క్రొత్త ఉపయోగమునకు వచ్చినది. నోరు, గొంతు భాగముల కాన్సరు ముదిరి, నయముచేయ వీలుకాని 422 మంది రోగులలో సగమునకు ఆసుపత్రిలో నరమునకెక్కించు సిస్‌ప్లాటిను, తక్కిన సగమునకు వారమునకొకసారి మెథోట్రెక్సేటుతోపాటు దినదినమును సెలెకాక్సిబు అను నొప్పిమాత్రయు నిచ్చి చూడగా, మాత్రలు మ్రింగినవారు నడిమి లెక్కన ఏడున్నర నెలలును, సూదిమందువారు ఆరు నెలలకు కొంచెము పైనను జీవించిరి. బాధలును మాత్రలవారికే తక్కువ. ఒక నెలన్నర హెచ్చు బ్రతుకు ఏపాటిది యని పడుచువారు నవ్వవచ్చును. ఇల్లు విడువక, ఖరీదు పెట్టక, వాంతులతో తల్లడిల్లక గడపిన నెలన్నర యని ముసలిరోగికి తెలియును. ఒక హెచ్చరిక మాత్రము చేయవలెను: మెథోట్రెక్సేటు మాత్రను వారమునకొకసారి వేసికొనుమన్నచో వారమునకొకసారియే, పొరపాటున దినమునకొకటి చొప్పున మ్రింగి ప్రాణముమీదికి తెచ్చుకొన్నవారు కలరు.

అట్లయిన ముసలివారికందరికిని పూర్తి వైద్యము చేయవలసినదేనా యని అడుగుదురు. కాదు. ఏండ్ల సంఖ్యను బట్టి నిర్ణయము చేయరాదనుటయే నా మనవి. డెబ్బదియెనిమిదేండ్ల వయసున పాలు పిదికి, సంతకు నడచిపోయి, చిల్లర సరిగా లెక్కపెట్టుకొని వచ్చు మనుష్యుడు ఒకడు. అరువదియారేండ్లకే మధుమేహముతో మూత్రపిండములు చెడి, మంచము దిగలేని మనుష్యుడు మరియొకడు. వీరిలో శస్త్రచికిత్సకు ఓర్చువాడెవడో పుట్టినతేదీ చెప్పదు. నడక, జ్ఞాపకశక్తి, తిండి, వేసికొను ఇతర మందులు, ఇంట చూచువారు, మనసులోని దిగులు, వీనిని ఒక్కొక్కదానిని విచారించి పిమ్మట మందు నిర్ణయించు పద్ధతి నేడు వృద్ధకాన్సరు వైద్యమున స్థిరపడినది. సుప్రియా మోహిలే అను వైద్యురాలి నాయకత్వమున అమెరికాలో డెబ్బదేండ్లు పైబడిన 718 మంది రోగులపై జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, ఇట్టి విచారణ ఫలితములను వైద్యుల చేతికిచ్చినచోట మందుల తీవ్రమైన దుష్ఫలితములు నూటికి 71 మందినుండి 51 మందికి దిగినవి, ఆయుర్దాయము తగ్గలేదు. కిరణ చికిత్సయును, మనవారు ‘కరెంటు పెట్టించుట’ యనునది, మునుపటివలె లేదు. రొమ్ము కాన్సరునకు శస్త్రము జరిగిన పిదప మూడు వారములు పెట్టవలసినదానిని, తగినవారికి అయిదు దినములలోనే ముగింపవచ్చునని 2020లో ఇంగ్లండునుండి ఫలితములు వచ్చినవి. నాగాయలంకనుండి మనుమని వెంటబెట్టుకొని దినదినమును బస్సులో రావలసిన వృద్ధురాలికి ఈ యంకెల భేదము చికిత్సకును చికిత్స మానుటకును గల భేదమే.

మరియొక మాట చెప్పుటకు కొంత సంకోచము కలదు, అయినను చెప్పక తప్పదు. ముసలి తండ్రికి కాన్సరని తేలినప్పుడు, మన యిండ్లలో ఆయనకు తప్ప అందరికిని తెలియును. “నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు” అని కుమారులు తలుపు వెలుపలనే బ్రతిమాలుదురు. ప్రేమ చేతనే యందురు, నిజమే. కాని పొలము పంచి, పిల్లల పెండ్లిండ్లు చేసి, చావులు పురుళ్ళు చూచిన మనుష్యునికి తన దేహము సంగతి తెలిసికొను హక్కు లేదనుట నాకు రుచింపదు. ఆయన సూదిమందు వలదనవచ్చును, కావలెననవచ్చును, ఇంటనే యుండెదననవచ్చును. ఆ మాట ఆయన నోటనే రావలెను. నయము కాదని తేలినను వైద్యము ముగిసినట్లు కాదు. నొప్పి తగ్గించుటయు వైద్యమే. మార్ఫీను పేరు విని బెదరువారు కలరు. వైద్యుని పర్యవేక్షణమున నోటి మాత్రలుగా నిచ్చిన మార్ఫీను కాన్సరు నొప్పికి ప్రపంచమంతటను ఒప్పుకొన్న మందు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు కట్టుదిట్టములను రోగుల కొరకే 2014లో సడలించిరి. చివరి దినములలో మూలుగుచు పడియుండుట విధిగాదు.

ప్రభుత్వము చేయుచున్నది లేకపోలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము నేడు ఎన్టీఆర్ వైద్యసేవ పేర నడచుచున్నది. డెబ్బదేండ్లు నిండినవారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయలవరకు వైద్యమందించు కేంద్ర పథకము 2024 అక్టోబరు 29న ప్రారంభమైనది. కాని ముందుగా కనిపెట్టు పనిలో ముసలివారిని మరచితిమి. 2016లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము, ఈ మూడు కాన్సరులకును ఊరూర పరీక్షలు చేయుటకు కేంద్రము తొలుత గీసిన గీత ముప్పదినుండి అరువదియైదేండ్లవరకు. తరువాతి మార్గదర్శకములు ముప్పది దాటినవారందరినీ పిలుచుచున్నవి. అయినను పరీక్షకు వచ్చువారు పడుచువారే, ఇంట మిగులువారు ముసలివారే. నోరు తెరిపించి కంటితో చూచుట యెంత చిన్న పరీక్షయో, అంత ఫలమిచ్చు పరీక్ష. తిరువనంతపురము చుట్టుపట్ల 1996లో మొదలుపెట్టి జరిపిన ప్రయోగమున, పొగాకో మద్యమో అలవాటున్నవారిలో నోటి కాన్సరు మరణములు ఇంచుమించు మూడవవంతు తగ్గినవి. మన రాష్ట్రమున ప్రతి నెల మొదటి తేదీన సచివాలయ ఉద్యోగి 4000 రూపాయల పింఛను పట్టుకొని ప్రతి వృద్ధుని గడపకు పోవుచున్నాడు. ఆ దినముననే ఆరోగ్య కార్యకర్త ఒకరు వెంట పోయి, ఒక టార్చిలైటుతో నోరు చూచి, రెండు ప్రశ్నలడిగి వ్రాసికొనిన యెడల, ఇంతకంటె చౌకగా ఇంతమందిని చూడగల ఏర్పాటు వేరొకటి నాకు కనబడదు. అధికారులు ఆలోచింపవలెనని విన్నపము.

అది జరుగువరకు మన యిండ్లలో మనమే చేయదగినవి కలవు. మీ యింట అరువది దాటినవారుండినచో, రేపు ప్రొద్దున వెలుతురున నోరు తెరచి చూపుమని అడుగుడు. తెల్లమచ్చగాని, ఎఱ్ఱమచ్చగాని, మూడు వారములకు మానని పుండుగాని కనబడినచో, ముట్లుడిగిన ఏండ్లకు మరల ఎఱ్ఱబట్ట కనబడినదని అమ్మ సిగ్గుపడుచు చెప్పినచో, రొమ్మున గడ్డ తగిలినచో, మ్రింగుడు పడనిచో, కారణము లేక బరువు తగ్గుచున్నచో, వయసని సరిపెట్టక ఆ వారముననే ఆసుపత్రికి తీసికొనిపొండు. దూరదేశమున నున్న కుమారులారా, టెలిఫోనులో ‘బాగున్నావా’ అని అడుగుటకు మారుగా, పోయిన నెలకు ఈ నెలకు ఎంత బరువున్నావో చెప్పుమని అడుగుడు. డెబ్బది నిండినవారికి ఆధారు కార్డు చూపి ఆ కేంద్ర పథకపు వైద్యపు కార్డును ఇప్పుడే తీయించి యుంచుడు. జబ్బు పడిన దినమున దానికై తిరుగవలసిన పని లేకుండును.